లైసెన్సు పోయింది, స్టేషన్ మిగిలింది: జాక్సన్‌లోని డబ్ల్యూఎల్‌బీటీ చరిత్ర

అమెరికాలోని మిసిసిపి రాష్ట్ర రాజధాని జాక్సన్‌లో డబ్ల్యూఎల్‌బీటీ అనే టీవీ స్టేషన్ లైసెన్సును 1969లో కోర్టు రద్దు చేసిందని చదివానని, కానీ అదే పేరుతో, అదే మూడో నంబరు చానల్‌గా, అదే ఎన్‌బీసీ నెట్‌వర్క్ కార్యక్రమాలతో ఆ స్టేషన్ నేటికీ నడుస్తోందని, ఇదెలా సాధ్యమని మీరు అడిగారు. ‘నెట్‌వర్క్ అనుబంధ స్టేషన్’ అంటే ఆ నెట్‌వర్క్ వారి శాఖా కార్యాలయమేనా అని కూడా అడిగారు. రెండో ప్రశ్నకు జవాబు తెలియనిదే మొదటిది బోధపడదు కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. నేను చాలా ఏళ్లు టీవీ కేంద్రాల కంట్రోల్ రూముల్లో పనిచేసి, ఆ తరువాత జర్నలిజం విద్యార్థులకు ప్రసార చట్టాల చరిత్ర బోధించాను. ఈ ఒక్క స్టేషన్ కథ చెప్పకుండా ఏ ఏడాదీ పాఠం ముగించలేదు.

మనకు టీవీ అంటే మొదట పరిచయమైనది దూరదర్శన్. 1977 అక్టోబరు 23న హైదరాబాద్ కేంద్రం మొదలైనప్పుడు అది ఢిల్లీలోని సంస్థకు చెందిన కేంద్రమే. భవనమూ, ఉద్యోగులూ, ట్రాన్స్‌మిటరూ, కార్యక్రమాలూ అన్నీ ఒకే యజమానివి. అందువల్ల ‘ఎన్‌బీసీ స్టేషన్’ అనగానే న్యూయార్క్‌లోని ఎన్‌బీసీకి ఊరూరా శాఖలున్నాయని మనవాళ్లు అనుకోవడం సహజం. అక్కడి పద్ధతి వేరు. ఒక నెట్‌వర్క్ సొంతంగా నడుపుకోగల స్టేషన్ల సంఖ్యకు ఆ రోజుల్లో చట్టం గట్టి పరిమితి విధించింది. పెద్ద నగరాల్లోని ఆ కొద్ది స్టేషన్లు పోగా, మిగిలిన ఊళ్లన్నిటిలోనూ స్టేషన్ స్థానికుల సొత్తు. ఆ ఊరి పత్రికవారో, రేడియో నడిపేవారో, బీమా కంపెనీవారో దాని యజమానులు. వారు నెట్‌వర్క్‌తో ఒప్పందం చేసుకుంటారు. నెట్‌వర్క్ జాతీయ వార్తలను, నాటకాలను, ఆటలను తీగల మీదుగా, మైక్రోవేవ్ టవర్ల మీదుగా పంపుతుంది. తన కార్యక్రమాలకు సమయం ఇచ్చినందుకు ఆ కాలంలో స్టేషన్‌కు కొంత సొమ్ము కూడా ఇచ్చేది. స్టేషన్ యజమాని ఆ కార్యక్రమాల మధ్య దొరికే ఖాళీల్లో ఊళ్లోని కార్ల డీలరు ప్రకటన, కిరాణా దుకాణం ప్రకటన వేసి లాభం చూసుకుంటాడు. స్థానిక వార్తలు, వాతావరణం అతని సొంత బాధ్యత.

ఇందులో రెండు సంగతులు గట్టిగా గుర్తుంచుకోవాలి. మొదటిది, గాలిలో తరంగాలను వాడుకునే లైసెన్సును ఎఫ్‌సీసీ అనే కేంద్ర ప్రసార నియంత్రణ సంస్థ ఇచ్చేది నెట్‌వర్క్‌కు కాదు, స్టేషన్ యజమానికి. అది ఆ రోజుల్లో మూడేళ్లకొకసారి పునరుద్ధరించుకోవలసిన అనుమతి మాత్రమే, ఆస్తి కాదు. రెండోది, నెట్‌వర్క్ పంపిన కార్యక్రమాన్ని తన ఊరికి తగదని తోస్తే నిరాకరించే హక్కు స్టేషన్‌కు ఉంటుంది. 1941లో ఎఫ్‌సీసీ చేసిన నిబంధనల్లో ఈ హక్కుకు రక్షణ కల్పించింది. న్యూయార్క్‌లో కూర్చున్న రెండు మూడు కంపెనీలు దేశమంతటి చెవులనూ తమ గుప్పిట్లో పెట్టుకోకుండా చూడటమే దాని ఉద్దేశం, మంచి ఉద్దేశమే. ఆ మంచి నిబంధన జాక్సన్‌లో ఎవరి చేతికి చిక్కిందన్నదే ఈ స్టేషన్ చరిత్రకు ఆయువుపట్టు.

జాక్సన్‌లో లామార్ లైఫ్ అనే బీమా కంపెనీ ఉండేది. ఆ కంపెనీ 1929లోనే డబ్ల్యూజేడీఎక్స్ అనే రేడియో స్టేషన్ పెట్టింది. సుప్రసిద్ధ రచయిత్రి యుడోరా వెల్టీ తండ్రి ఆ కంపెనీ పెద్దల్లో ఒకరు. ఆమె కూడా యౌవనంలో కొంతకాలం ఆ రేడియోలో పనిచేశారు. 1948లో ఎఫ్‌సీసీ కొత్త టీవీ లైసెన్సులను నిలిపివేసి, 1952లో దేశమంతటికీ చానళ్ల పంపిణీ పట్టిక ప్రకటించి తిరిగి తలుపులు తెరిచింది. ఆ వరుసలోనే లామార్ లైఫ్‌కు మూడో చానల్ దక్కి, 1953 డిసెంబరులో డబ్ల్యూఎల్‌బీటీ ప్రసారం మొదలైంది. ఊళ్లో మొదటి టీవీ స్టేషన్ ఇది కాదు. డబ్ల్యూజేటీవీ అదే ఏడాది జనవరిలో వచ్చి సీబీఎస్ అనే మరో నెట్‌వర్క్‌తో ఒప్పందం కుదుర్చుకుంది. డబ్ల్యూఎల్‌బీటీ ఎన్‌బీసీ పక్షాన నిలిచింది. మూడో నెట్‌వర్క్ ఏబీసీకి జాక్సన్‌లో నిలకడైన సొంత గూడు 1970లో గాని దొరకలేదు; అంతవరకు దాని కార్యక్రమాలు ఉన్న స్టేషన్లలోనే ఖాళీ దొరికిన చోట సర్దుకున్నాయి. ఊరికి జాతీయ వార్తలు చేరే కిటికీలు రెండే ఉండేవన్న ఈ వివరం చిన్నదిగా తోచవచ్చు గాని, తరువాత జరిగినదానికి మూలం అక్కడే ఉంది.

ఆ స్టేషన్ ప్రసారం స్పష్టంగా అందే ప్రాంతపు జనాభాలో దాదాపు 45 శాతం నల్లజాతివారు. మూడేళ్లకొకసారి ‘మేము ప్రజాహితం కోసం ప్రసారం చేస్తున్నాము’ అని రాసిచ్చి లైసెన్సు తెచ్చుకునే సంస్థ, తన ప్రజల్లో సుమారు సగం మంది తెర మీద మనుషులుగా కనిపించకుండా ఎలా చూసిందో చెప్పడానికి 1955 నాటి ఒక్క ఘటన చాలు. ఎన్‌బీసీ కార్యక్రమం ఒకదానిలో నల్లజాతి హక్కుల సంఘమైన ఎన్‌ఏఏసీపీ ప్రధాన న్యాయవాది థర్గుడ్ మార్షల్ మాట్లాడుతున్నారు. అంతకు ముందు ఏడాదే పాఠశాలల్లో జాతి విభజన చెల్లదన్న తీర్పును సుప్రీంకోర్టులో సాధించిన మనిషి ఆయన. జాక్సన్‌లోని ఇళ్లలో మాత్రం ఆయన ముఖం బదులు ఒక అట్టముక్క కనిపించింది: ‘క్షమించండి, కేబుల్‌లో ఇబ్బంది’.

మన తరంవారికి ‘అంతరాయానికి చింతిస్తున్నాము’ అన్న బొమ్మ బాగా తెలుసు. నేను కంట్రోల్ రూములో కూర్చున్న రోజుల్లో ఆ బొమ్మ వేయవలసి వచ్చిన ప్రతిసారీ చేయి వణికేది. ఏ నిమిషానికి సిగ్నల్ పోయింది, ఏ నిమిషానికి తిరిగి వచ్చింది, కారణమేమిటి అని లాగ్ పుస్తకంలో రాసి సంతకం పెట్టేవాళ్లం; మరునాడు దానికి జవాబు చెప్పుకోవలసి వచ్చేది. ఎందుకంటే ఇంట్లో కూర్చున్న ప్రేక్షకుడికి నిజం తెలుసుకునే మార్గం లేదు. ఆ బొమ్మను అతను నమ్ముతాడు. దూరంగా ఎక్కడో తీగ తెగిందనో, వాన పడిందనో అనుకుని ఓపిక పడతాడు. జాక్సన్‌లో తీగ తెగలేదు. న్యూయార్క్ నుంచి బొమ్మ వస్తూనే ఉంది. స్విచ్ మీద ఒక వేలు పడింది, అంతే. పైగా స్టేషన్ జనరల్ మేనేజర్ ఫ్రెడ్ బేర్డ్ ఆ ప్రసారాన్ని ఆపింది తానేనని, జాతి విభజనను కాపాడటానికి ఏర్పడిన శ్వేత పౌరుల మండలి సభలో గర్వంగా చెప్పుకున్నాడు. నాలాగే ఆ కుర్చీలో కూర్చుని పనిచేసిన ఎవరికైనా, అబద్ధపు కారణం రాసిన ఆ అట్టముక్కను తలచుకుంటే కలిగే బాధ వేరు.

బేర్డ్ స్వయంగా ఆ మండలి సభ్యుడు. మండలి తన వాదాన్ని వినిపించే కార్యక్రమానికి ఆ స్టేషన్‌లోనే మొదటి గూడు దొరికింది. 1957లో జాతి విభజన కొనసాగాలని చెప్పే కార్యక్రమాన్ని ప్రసారం చేసి, ఎదుటి పక్షం సమయం అడిగితే ఇవ్వలేదు. వివాదాస్పద విషయంలో ఇరుపక్షాలకూ చోటివ్వాలన్న నియమం అప్పుడు అమలులో ఉంది. ఎఫ్‌సీసీకి ఫిర్యాదులు వెళ్లాయి. లైసెన్సు గడువు ముగిసినప్పుడు కొంతకాలం నిలిపి ఉంచి, 1959లో ‘ఇవి విడివిడి ఘటనలు’ అని ఎఫ్‌సీసీ తేల్చి పునరుద్ధరించింది. విడివిడి ఘటనలనే మాటను నియంత్రణ సంస్థలు ఎంత తేలికగా వాడుతాయో, అది ఎంత అన్యాయాన్ని కప్పిపుచ్చగలదో ఈ ఒక్క నిర్ణయం చూస్తే తెలుస్తుంది.

పెద్ద ఘటనల కన్నా నిత్యమూ జరిగే చిన్న అవమానమే మనిషిని ఎక్కువ కోస్తుంది. తెల్లవారి పేరుకు ముందు మిస్టర్, మిసెస్ అని చేర్చే ఆ స్టేషన్ నల్లవారి పేరు వచ్చేసరికి వాటిని వదిలేస్తుందన్నది తరువాతి విచారణల్లో ప్రధానమైన ఆరోపణల్లో ఒకటి. ఒకే వార్తలో ఇద్దరు మాస్టార్ల పేర్లు వస్తే ఒకరిని ‘గారు’ అని, మరొకరిని పేరు పెట్టి మాత్రమే పిలిచే వార్తలను ఇరవై ఏళ్లపాటు రోజూ సాయంత్రం విన్నారనుకోండి. ఆ ‘గారు’ లేకపోవడం ఎంత పెద్ద మాటో తెలుగువారికి నేను వేరుగా వివరించనక్కరలేదు.

ఇంత జరుగుతుంటే ఎన్‌బీసీ ఏం చేసిందని నా విద్యార్థులు ప్రతిసారీ అడిగేవారు. న్యాయమైన ప్రశ్నే. చట్టప్రకారం నిరాకరించే హక్కు స్టేషన్‌ది కనుక, ఫలానా కార్యక్రమం వేసి తీరాలని బలవంతపెట్టే వీలు ఎన్‌బీసీకి లేదు. ఒప్పందం రద్దు చేసుకోవచ్చు; అప్పుడు ఎక్కడికి వెళ్లాలి? ఊళ్లో ఉన్న మరో స్టేషన్ సీబీఎస్ చేతిలో ఉంది. ఒప్పందం వదులుకుంటే ఒక రాష్ట్ర రాజధానిలో తన కార్యక్రమాలు కనిపించకుండా పోతాయి, ప్రకటనదారులు ఒప్పుకోరు. దక్షిణాదిలో ఒక్క స్టేషన్‌తో గొడవపడితే మిగిలినవి కూడా బిగుసుకుంటాయన్న భయమూ ఉండేది. అందువల్ల న్యూయార్క్ వార్తా విభాగం ఒకవైపు హక్కుల ఉద్యమాన్ని ధైర్యంగా చూపిస్తుంటే, మరోవైపు అదే సంస్థ ఒప్పంద విభాగం జాక్సన్‌లో జరిగేదాన్ని సహించింది. నా దృష్టిలో ఇది ఎన్‌బీసీ మీద పడిన మచ్చే గాని, ఆ కాలపు వ్యాపార పద్ధతి తెలిస్తే ఆశ్చర్యం కలగదు.

1962లో రెవరెండ్ రాబర్ట్ ఎల్. టీ. స్మిత్ అనే నల్లజాతి పాస్టరు అమెరికా కాంగ్రెస్‌కు పోటీ చేస్తూ, డబ్బు చెల్లించి సమయం కొనుక్కుంటానన్నా స్టేషన్ మొదట నిరాకరించింది. వాషింగ్టన్ దాకా ఫిర్యాదు వెళ్లాక గాని దిగిరాలేదు. అదే ఏడాది జేమ్స్ మెరెడిత్ అనే నల్లజాతి విద్యార్థి మిసిసిపి విశ్వవిద్యాలయంలో చేరడంపై అల్లర్లు చెలరేగినప్పుడు స్టేషన్ ఒకే పక్షం వాదాన్ని వినిపించింది.

ఆ తరువాత 1963 మే నెల వచ్చింది. నగర మేయర్ ఆలెన్ థాంప్సన్ టీవీలో మాట్లాడుతూ జాక్సన్‌లో అంతా సవ్యంగా ఉందని, బయటివారే చిచ్చు పెడుతున్నారని చెప్పారు. ఎన్‌ఏఏసీపీ రాష్ట్ర కార్యదర్శి మెడ్గర్ ఎవర్స్ దానికి జవాబు చెప్పే సమయం కోరారు. ఏళ్ల తరబడి ఎఫ్‌సీసీకి ఉత్తరాలు రాస్తూ వచ్చిన మనిషి ఆయన. ఈసారి లైసెన్సు భయం పనిచేసింది. మే 20న డబ్ల్యూఎల్‌బీటీ ఆయన ప్రసంగాన్ని, సుమారు 17 నిమిషాలపాటు, ప్రసారం చేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా పనిచేసి వచ్చిన ఎవర్స్ అందులో ఆవేశపడలేదు. మిసిసిపి డెల్టా పొలాల్లో కూలికి పోయే నల్లవాడికి కూడా ఇవాళ ప్రపంచంలో ఏం జరిగిందో రేడియో, టీవీ చెబుతున్నాయని, ఆఫ్రికాలో కొత్తగా స్వతంత్రమైన దేశాల సంగతి అతనికి తెలుసని, కాంగోలో నల్లవాడు రైలింజను నడపగలడని, జాక్సన్‌లో మాత్రం చెత్తబండి కూడా నడపలేడని చెప్పారు. ఊళ్లో నల్లజాతి పోలీసు ఒక్కడూ లేడని, అగ్నిమాపక ఉద్యోగి లేడని, పురపాలక కార్యాలయంలో గుమాస్తా లేడని వరుసగా చెప్పుకుంటూ పోయారు. ఎనిమిదేళ్ల క్రితం అట్టముక్క అడ్డుపెట్టిన తెర మీద నుంచే ఈ మాటలు జాక్సన్ ఇళ్లలోకి వెళ్లాయి. ఆ రాత్రితో ఆయన ముఖం ఊరందరికీ తెలిసిపోయింది. జూన్ 12న, అర్ధరాత్రి దాటాక ఇంటికి వచ్చి కారు దిగుతుండగా వెనుక నుంచి తుపాకితో కాల్చి చంపారు. ఆయన వయసు 37. టీవీలో కనబడటం వల్లే చంపారని నేను అనను. ఆయన మీద అంతకు ముందే దాడులు జరిగాయి. కానీ ఆ పదిహేడు నిమిషాలు ఎంత సాహసంతో ఇచ్చినవో తెలియాలంటే ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇక లైసెన్సు కథ. న్యూయార్క్‌లోని యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ అనే క్రైస్తవ సంఘానికి చెందిన సమాచార విభాగాన్ని ఎవరెట్ పార్కర్ అనే పాస్టరు నడిపేవారు. 1964లో డబ్ల్యూఎల్‌బీటీ లైసెన్సు గడువు ముగుస్తుందని తెలిసి, మాటలతో కాక సాక్ష్యంతో పోరాడాలని ఆయన నిశ్చయించుకున్నారు. జాక్సన్‌లోని మిల్‌సాప్స్ కళాశాలలో రాజనీతి శాస్త్రం చెప్పే అధ్యాపకుడి సాయంతో స్థానిక శ్వేతజాతీయులనే కొందరిని రహస్యంగా సమీకరించారు. 1964 మార్చి 1 నుంచి 7 వరకు వారం పాటు వారు ప్రసారాలను గమనించి, ఎవరు ఏం మాట్లాడారు, ఎవరిని ఎలా పిలిచారు, ఏ కార్యక్రమంలో నల్లవారు కనిపించారు, ఎంత సేపు కనిపించారు అని రాసిపెట్టారు. పేర్లు బయటపడితే ఉద్యోగాలు, ఇళ్లు, ప్రాణాలు కూడా పోవచ్చు కనుక ఎవరు రాశారన్నది గుట్టుగా ఉంచారు. ప్రసార రంగంలో పనిచేసినవాడిగా ఈ వారం రోజుల పనిని నేను అన్నిటికన్నా గొప్పగా చూస్తాను. ఫిర్యాదు చేసేవారు ‘ఎప్పుడూ ఇంతే’ అంటారు, స్టేషన్‌వారు ‘విడివిడి ఘటనలు’ అంటారు. ఏడు రోజుల కాగితాల ముందు ఆ రెండు మాటలూ చెల్లవు.

పార్కర్ సంఘంతోపాటు రాష్ట్ర ఎన్‌ఏఏసీపీ అధ్యక్షుడు, క్లార్క్స్‌డేల్‌లో మందుల దుకాణం నడిపే ఫార్మసిస్టు ఆరన్ హెన్రీ, ముందు చెప్పిన రెవరెండ్ స్మిత్ కలిసి లైసెన్సు పునరుద్ధరించవద్దని ఎఫ్‌సీసీకి పిటిషన్ పెట్టారు. ఇక్కడొక విచిత్రమైన అడ్డు వచ్చింది. అప్పటివరకు ఎఫ్‌సీసీ ముందు వాదించే అర్హత ఇద్దరికే ఉండేది: ఆ స్టేషన్ వల్ల వ్యాపారంలో నష్టపోయే పోటీదారుకు, దాని సిగ్నల్ తన సిగ్నల్‌కు అడ్డుపడుతోందని చెప్పగల మరో స్టేషన్‌కు. రోజూ దాన్ని చూసే ప్రేక్షకుడికి ఆ అర్హత లేదు. 1965లో ఎఫ్‌సీసీ ఈ కారణంగానే వారిని తోసిపుచ్చి, షరతులు పెట్టి స్టేషన్‌కు ఒక్క ఏడాది లైసెన్సు ఇచ్చింది. ఎఫ్‌సీసీ అధ్యక్షుడు విలియం హెన్రీ, సభ్యుడు కెన్నెత్ కాక్స్ ఆ నిర్ణయంతో విభేదించారు. ప్రజాహితం కోసం ఏర్పడిన సంస్థ ముందు ప్రజలు నిలబడటానికి చోటు లేదని చెప్పడమే ఆ తోసిపుచ్చడం.

పార్కర్ బృందం వాషింగ్టన్‌లోని అప్పీలు కోర్టుకు వెళ్లింది. 1966 మార్చి 25న న్యాయమూర్తి వారెన్ బర్గర్ తీర్పు రాశారు. ప్రసారాలు చూసే, వినే ప్రజల ప్రతినిధులకు లైసెన్సు విచారణలో పాల్గొనే హక్కు ఉందని, అర్ధ శతాబ్దం దగ్గర పడుతున్నా ప్రసార లైసెన్సు అంటే ప్రజలు అప్పగించిన బాధ్యత అని, ఆ బాధ్యత తప్పితే అది రద్దు కాగలదని ఈ రంగం ఇంకా గ్రహించినట్టు లేదని ఆయన అన్నారు. బర్గర్ ఉదారవాది కారు, సంప్రదాయవాదిగానే పేరున్నవారు. అందువల్ల ఆ మాటలకు బరువు మరింత పెరిగింది. ఎఫ్‌సీసీ 1967లో జాక్సన్‌లో విచారణ జరిపింది గాని, పిటిషన్‌దారులనే దోషులుగా చూస్తూ, రుజువు చేయవలసిన భారమంతా వారి మీదే మోపి, 1968లో మళ్లీ మూడేళ్ల లైసెన్సు ఇచ్చేసింది. కేసు మళ్లీ బర్గర్ వద్దకే వచ్చింది. 1969 జూన్ 20న ఆయన ఎఫ్‌సీసీ విచారణ బాగుచేయడానికి కూడా వీలులేనంతగా చెడిపోయిందని, పిటిషన్‌దారుల పట్ల అడుగడుగునా శత్రుత్వం కనిపిస్తోందని చెప్పి లైసెన్సును కొట్టివేశారు. ఆ చానల్ కోసం కొత్త దరఖాస్తులు పిలవాలని, లామార్ లైఫ్ కూడా కావాలంటే అందరితోపాటు దరఖాస్తు పెట్టుకోవచ్చని ఆదేశించారు. మూడు రోజుల తరువాత, జూన్ 23న, ఆయన అమెరికా ప్రధాన న్యాయమూర్తిగా ప్రమాణం చేశారు.

మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. కోర్టు కొట్టివేసింది లామార్ లైఫ్‌కు ఇచ్చిన అనుమతిని మాత్రమే. మూడో చానల్ ఆ ఊరికి కేటాయించినది, కంపెనీ సొత్తు కాదు కనుక దాన్ని మూసివేయవలసిన అవసరం లేదు. ఆ ఊరిని టీవీ లేకుండా ఉంచితే శిక్ష పడేది ప్రేక్షకులకే. అందువల్ల కొత్త యజమాని తేలేదాకా తాత్కాలికంగా నడపడానికి, తెల్లవారూ నల్లవారూ కలిసి ఏర్పాటు చేసిన కమ్యూనికేషన్స్ ఇంప్రూవ్‌మెంట్ అనే లాభాపేక్ష లేని సంస్థకు అప్పగించారు. 1971 జూన్‌లో ఆ మార్పిడి జరిగింది. తెర మీద అదే పేరు, అదే నంబరు, అవే ఎన్‌బీసీ కార్యక్రమాలు. మారినది స్విచ్ దగ్గర నిర్ణయం తీసుకునే మనిషి.

1972లో ఆ మనిషిగా విలియం డిల్డే వచ్చారు. ఒక ప్రధాన నెట్‌వర్క్ అనుబంధ స్టేషన్‌కు జనరల్ మేనేజర్ అయిన మొదటి నల్లజాతీయుడిగా ఆయనను చెబుతారు. ఆయన బోస్టన్‌లోని డబ్ల్యూహెచ్‌డీహెచ్ టీవీలో సిబ్బంది విభాగం చూసేవారు. ఆ స్టేషన్ కూడా వేరే కారణాల వల్ల అదే ఏడాది లైసెన్సు పోగొట్టుకుంది. డిల్డే వచ్చేనాటికి జాక్సన్‌లో చాలామంది ఈ స్టేషన్ పతనమవుతుందని అనుకున్నారు. జరిగింది వేరు. నల్లజాతి విలేకరులు, యాంకర్లు తెర మీదకు వచ్చారు, వార్తా విభాగం రాష్ట్ర రాజకీయాలను తవ్వడం మొదలుపెట్టింది, 1976లో స్టేషన్ చేసిన ఒక డాక్యుమెంటరీకి ప్రసార రంగంలో అత్యున్నతమైన పీబడీ పురస్కారం దక్కింది. అందరికీ చోటిస్తే ప్రేక్షకులు పారిపోతారన్న వాదం అక్కడితో వీగిపోయింది.

శాశ్వత లైసెన్సు వ్యవహారం మాత్రం పదేళ్లు సాగింది. చివరికి టీవీ-3 అనే సంస్థకు దక్కింది. దాని అధ్యక్షుడు మరెవరో కాదు, 1964లో పిటిషన్ మీద సంతకం పెట్టిన ఆరన్ హెన్రీ. ఆ తరువాతి చరిత్ర మామూలు వ్యాపార చరిత్రే. 1984లో డిల్డేను తప్పించి ఫ్రాంక్ మెల్టన్‌కు పగ్గాలిచ్చారు. డిల్డే ఊళ్లోనే ఉన్న పోటీ స్టేషన్ డబ్ల్యూజేటీవీకి మేనేజర్‌గా వెళ్లారు. మెల్టన్ 2005లో జాక్సన్ మేయర్ అయ్యారు. 2000లో స్థానికుల చేతి నుంచి స్టేషన్ పెద్ద కంపెనీల చేతికి వెళ్లింది: మొదట లిబర్టీ, 2006లో రేకామ్, 2019లో గ్రే టెలివిజన్. ఇన్నేళ్లు పోరాడి స్థానికులు సాధించుకున్నది ఇలా దూరపు కంపెనీల జాబితాలో ఒక పేరుగా మారడం నాకు బాధ కలిగించే విషయమే. 1981లో లైసెన్సు గడువును ఐదేళ్లకు, 1996లో ఎనిమిదేళ్లకు పెంచారు. ఇరుపక్షాలకూ చోటివ్వాలన్న నియమం 1987లో పోయింది. పార్కర్ వాడిన పనిముట్లు నేటివారి చేతిలో అంత పదునుగా లేవు.

మరో ఘటన కూడా చెప్పాలి, ఎందుకంటే స్టేషన్ చరిత్ర రాసేవారు తరచూ దీన్ని వదిలేస్తారు. 1997 అక్టోబరు 23న రేమండ్ పట్టణం వద్ద ఉన్న దాదాపు 2,000 అడుగుల ట్రాన్స్‌మిషన్ టవర్ దాన్ని పటిష్ఠం చేసే పనులు జరుగుతుండగా కూలిపోయి, పైన పనిచేస్తున్న ముగ్గురు కెనడా కార్మికులు చనిపోయారు. అంత ఎత్తు టవర్ తన కాళ్ల మీద నిలబడదు, చుట్టూ బిగించిన ఉక్కు తాళ్ల సమతౌల్యం మీద నిలబడుతుంది. పని మధ్యలో దాని బలం ఒకచోట తగ్గితే మొత్తం కుప్పకూలుతుంది. ప్రసార రంగంలో ప్రాణాలు పెట్టి పనిచేసేవారి పేర్లు తెర మీద ఎప్పుడూ రావు కనుక ఇక్కడ గుర్తుచేస్తున్నాను.

మన దేశానికి దీనితో సంబంధం ఉందా అని మీరు అడగలేదు గాని, ఒకటుంది. బర్గర్ తీర్పుకు పదకొండు రోజుల ముందే, 1969 జూన్ 9న, అమెరికా సుప్రీంకోర్టు రెడ్ లయన్ కేసులో ప్రసారకర్త హక్కు కన్నా చూసేవారి, వినేవారి హక్కే ప్రధానమని చెప్పింది. ఈ ఆలోచనా ధారే 1995 ఫిబ్రవరిలో మన సుప్రీంకోర్టు క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసులో ఇచ్చిన తీర్పులోనూ కనిపిస్తుంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పిన ఆ కేసులో విడిగా విస్తృతమైన తీర్పు రాసినవారు అంతకు ముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులోనూ పనిచేసిన న్యాయమూర్తి బీ. పీ. జీవన్ రెడ్డి. అమెరికా అనుభవాన్ని ఆయన అందులో చర్చించారు. జాక్సన్ కథ చదివినవారు ఆ తీర్పును పక్కన పెట్టుకుని చదివితే ప్రతి పేరా వెనుక ఏ భయం ఉందో అర్థమవుతుంది.

స్టేషన్‌లో తీసిన పాత వార్తా చిత్రాల గురించి కూడా చెప్పి ముగిస్తాను. ఆ 16 మిల్లీమీటర్ల రీళ్లు ఇప్పుడు జాక్సన్‌లోని మిసిసిపి రాష్ట్ర అభిలేఖాగారంలో భద్రంగా ఉన్నాయి. కెమెరామెన్ తీసిన ఊరేగింపులు, అరెస్టులు, కోర్టు మెట్ల మీద నిలబడ్డ మనుషులు వాటిలో ఉన్నారు. చాలా రీళ్లకు శబ్దం లేదు. అభిలేఖాగారంలో ఆ సేకరణ పెట్టె మీద ఉన్న సంవత్సరాలు 1954 నుంచి 1971, అంటే ప్రసారం మొదలైన మరుసటి ఏడాది నుంచి లామార్ లైఫ్ చేతి నుంచి స్టేషన్ వెళ్లిపోయిన ఏడాది వరకు.